గట్టు మీద చెంబు

రోలుగుంట కొండవాలులో అప్పలనర్సమ్మది ఎర్రనేల. వాన కురిసినంతసేపే తడి. మర్నాటికి ఆరిపోయి కాలి కింద గరగరలాడుతుంది. అయినా ఆ నేలే చెరుకు పండించి తన ఇల్లు నిలబెట్టిందంటుంది ఆమె. సాయంత్రం పని ముగిశాక గట్టు మీద కూర్చుని, చెంబుతో నీళ్లు పోసుకుంటూ, కాళ్లకూ పారకూ అంటిన మట్టిని చేలోకే కడుగుతుంది. వేళ్ల సందులు కూడా వదలదు. "ఈ మన్ను పెట్టిందే తింటన్నాం. మన్ను కూడా ఇంటికి పట్టుకుపోతే ఏటి బాగుంటాది?" అంటుంది.

మొన్నటి తుఫానుకి గట్టు తెగి, ఆమె ఎర్రమట్టి దిగువనున్న కన్నబాబు తడి ఆరని నల్లరేగడిలో మేట వేసింది. ఇక పోయిందనుకో అన్నారు అందరూ. కన్నబాబే వచ్చి చెప్పాడు: "నీ మన్ను నా సేలో ఎర్రగా కనబడతంది వదినా, ఎత్తుకెల్లు." ఇద్దరూ పొద్దంతా గంపలతో మోశారు. ఆఖరి గంప కన్నబాబు నెత్తికెత్తుకున్నాక, ఆమె అలవాటుగా అతని గట్టు మీద కూర్చుని, కాళ్లకంటిన నల్లమట్టి కడగబోయింది.

"ఉంచు వదినా. నీ సేలో కూసింత తడి నిలుత్తాది," అన్నాడతను.

అప్పలనర్సమ్మ చెంబులో నీళ్లు ఒలకకుండా పట్టుకుని, నల్లటి కాళ్లతో పైకెక్కి, తన చెరుకు మొదళ్లలో కడుక్కుంది.