తూర్పు తలుపు వెనక వరండా

ఈ ఊళ్ళో బొద్దింకని బొద్దింక అనకూడదు. ఇక్కడి తాటిజాతి చెట్టు పేరొకటి దానికి తగిలించి మర్యాదగా పిలుస్తారు. బొటనవేలంత పొడవు, రెక్కలు, మనిషి మొహం చూసి మరీ ఎగిరే అలవాటు. హోటల్ గదిలో మొదటిసారి దాన్ని చూసి నేను మంచమెక్కితే, మాకు ఇళ్ళు చూపించే ఏజెంటు ఫోన్లో, "ఓ, అదా హనీ! పామెట్టో బగ్. కంగారుపడకు" అంది. పేరు మారిస్తే కాళ్ళు తగ్గుతాయా? ఆరే ఉన్నాయి. లెక్కపెట్టాను.

ఆవిడ భాషలో నేల ఒకవైపుకి వాలితే అది "క్యారెక్టర్". గోడకి చెమ్మ పడితే "హిస్టరీ". అలాంటావిడ ఒక చెక్క తలుపు చూపించి "ఫ్రంట్ డోర్" అన్నప్పుడే నేను జాగ్రత్తపడాల్సింది.

అమెరికా దక్షిణాదిలోని ఈ రేవు పట్నానికి మేం నా ఉద్యోగం కోసం వచ్చాం. వాక్యం చిన్నదే గానీ మా ఇంట్లో దీన్ని పలకడానికి పదిహేనేళ్ళు పట్టింది. అంతకుముందు మూడుసార్లు ఊళ్ళు మారాం, మూడుసార్లూ మా ఆయన ఉద్యోగం కోసమే. రెడ్‌మండ్‌లో మా తలుపు నైరుతికి ఉండేది. ప్లెయిన్స్‌బరోలో దక్షిణానికి, ఎదురుగా చెత్త డబ్బాలు. ఒక్కచోట కూడా ఎవరూ కంపాస్ తీయలేదు. అద్దెకుండేవాళ్ళ జోలికి దిక్కులు రావట.

ఓడల్లోంచి దిగిన కంటైనర్లు ఎప్పుడు, ఎటు కదలాలో చూసే విభాగానికి నన్ను పెద్దని చేశారు. మా ఆయన పనంతా లాప్‌టాప్‌లో. అది ఎక్కడ తెరిస్తే అక్కడే ఆఫీసు. ఇంకేం అడ్డు ఉంటుందిలే అనుకున్నాను. ఈసారి ఇల్లు కొందామనేసరికి వాస్తు మొదలైంది.

నేను ముందొచ్చి హోటల్లో ఉంటూ ఇళ్ళు చూశాను. అమ్మాయికి ఈ ఏడాది స్కూలు అయ్యేదాకా వాళ్ళిద్దరూ ప్లెయిన్స్‌బరోలోనే. రోజంతా ఆఫీసు, ఆ తర్వాత ఏదో ఒక ఇంటి గుమ్మంలో నిలబడి ఫోన్లో కంపాస్ ఎటు చూపిస్తోందో ఆయనకి పంపడం. తీర్పు సోఫాలోంచి వచ్చేది. "ఈశాన్యం తెగింది." "వీధిపోటు." "వంటిల్లు ఎటుందో చూడు... వద్దులే." అలా ఏడిళ్ళు పోయాయి. వాటిలో రెండు నాకు నిజంగా నచ్చినవి. ఒకదాని పెరట్లో నిమ్మచెట్టు ఉంది. ఆ చెట్టు గురించి ఇంతకన్నా రాయను, నా బీపీకి మంచిది కాదు.

ఎనిమిదోది ఇది. సన్నగా, పొడుగ్గా, వీధిమీద అలిగినట్టు పక్కకి తిరిగి కూర్చున్న పాత ఇల్లు. వీధి వైపు చిన్న తలుపు, దాని ముందు రెండు రాతి మెట్లు. మెట్ల మీద నిలబడి కంపాస్ తీశాను. తొంభై. నిక్కచ్చిగా తూర్పు. ఫోటో పంపిన నిమిషానికి ఆయన ఫోన్.

"ఫోన్ ఒకసారి ఊపి మళ్ళీ చూడు."

ఊపాను. తొంభైయే.

"సరే. తీసేసుకుందాం" అన్నారు. గొంతులో ఉత్సాహం లేదు. నెట్‌వర్క్ సరిగ్గా లేదనుకున్నాను.

ఆ తలుపు తీస్తే వచ్చేది ఇల్లు కాదు, వరండా. ఇంట్లోకి వెళ్ళే తలుపు ఆ వరండా మధ్యలో, కుడిపక్క గోడకి ఉంది. నేను చూడలేదా? మూడుసార్లు అందులోంచే వెళ్ళాను. పైనున్న రంగుటద్దం బాగుందని కూడా అనుకున్నాను. వీధిలోంచి వచ్చే తలుపే వీధి గుమ్మమని చిన్నప్పట్నించీ బుర్రలో పడిపోయింది. కంటైనర్ల దగ్గర ఇలాంటి పొరపాటు చేస్తే నన్ను ఆ రోజే పంపించేసేవారు.

గృహప్రవేశానికి పంతులుగారు రెండు గంటలు డ్రైవ్ చేసుకుని వచ్చారు. మా ఆయన చేతిలో దేవుడి పటం, నా చేతిలో కలశం, పద్నాలుగేళ్ళ మా అమ్మాయి చేతిలో దీపం. కేకు పట్టుకుని ఏజెంటు కూడా వచ్చింది. పంతులుగారు "కుడికాలు, కుడికాలు" అని హెచ్చరిస్తూ వీధి తలుపు తీయించారు. అందరం కుడికాళ్ళే పెట్టాం. మంత్రం పూర్తయింది. చూసుకుంటే అందరం ఇంకా ఇంటి బయటే ఉన్నాం.

"అమ్మా, ఇంట్లోకి ఎటు?" అన్నారు పంతులుగారు.

"ఆ మధ్యలో తలుపండీ."

ఆయన ఆ తలుపుని చూసి, సూర్యుణ్ణి చూసి, మళ్ళీ తలుపుని చూశారు. "ఇది దక్షిణం కదమ్మా."

మా ఆయన పటం దించారు. ఏజెంటు మాత్రం గర్వంగా, చల్లగాలి అటునించి వస్తుందనీ, అందుకే పాతకాలం వాళ్ళు అసలు గుమ్మం అటు పెట్టారనీ, వీధిలోది ఉత్త వరండా తలుపనీ చెప్పింది. ఇంత విపులంగా నాకు ముందెప్పుడూ చెప్పలేదు.

"ఏం ఫర్వాలేదు బాబూ, చిన్న శాంతి చేసేద్దాం. మా ఇల్లూ దక్షిణమే. పదకొండేళ్ళయింది, సుఖంగానే ఉన్నాం" అన్నారు పంతులుగారు.

"లేదు పంతులుగారూ. నాకు మనసొప్పట్లేదు" అన్నారు మా ఆయన.

"పోనీ తూర్పు గోడకి ఇంకో తలుపు పెట్టించుకోవచ్చా?" అని ఏజెంటుని అడిగాను. ఈ వీధిలో కిటికీ రంగు మార్చాలన్నా పాత ఇళ్ళ కమిటీ ఒప్పుకోవాలట. గోడ సంగతి మర్చిపొమ్మంది.

"చూశావా?" అన్నారు మా ఆయన. నెల రోజుల్లో ఆ మొహంలో అంత వెలుగు నేను చూడలేదు. "అమ్మేద్దాం. ప్లెయిన్స్‌బరో వెళ్ళిపోదాం. నువ్వు వాళ్ళనడిగి రిమోట్ చేసుకో."

"ఓడల్ని ప్లెయిన్స్‌బరో రమ్మనమంటారా?"

"వెటకారం వద్దు. అపార్ట్‌మెంట్ ఎలాగూ మన చేతిలోనే ఉంది."

"ఖాళీ చేసేశానన్నారుగా?"

"ఎందుకైనా మంచిదని లీజు రెన్యూ చేశా."

కోపమొస్తే నా గొంతు తగ్గుతుంది. "ఎప్పుడు చేశారు?" అన్నది నాకే సరిగ్గా వినపడలేదు. కలశం మీద కొబ్బరికాయ ఉంది. విసరడానికి చాలా అనువైన బరువు. పంతులుగారు అనుభవజ్ఞులు. కలశాన్ని మెల్లగా నా చేతుల్లోంచి తీసుకుని వరండాలో దూరంగా పెట్టారు.

"నువ్వు వచ్చే ముందు రోజు" అన్నారు మా ఆయన. అంటే నేను చూసిన ఏడిళ్ళకీ ముందు. నిమ్మచెట్టుకి ముందు.

ఆయన అమ్మాయి వైపు తిరిగారు. "నువ్వు చెప్పు నాన్నా. సౌత్ ఫేసింగ్ ఇల్లు మనకి మంచిదా?"

అది దీపం ఆరిపోకుండా ఒక చెయ్యి అడ్డం పెట్టుకుని, తన అమెరికా తెలుగులో, చాలా మామూలుగా అంది:

"నాన్నా, నీకు డోర్ ప్రాబ్లెమ్ కాదు. అమ్మ జాబ్ కోసం మూవ్ అవడం నీకు ప్రాబ్లెమ్."