పాటల పుస్తకం చివరి పేజీ

మా ఆయన బీపీ లెక్కలన్నీ మా చర్చి పాటల పుస్తకం చివరి పేజీలో ఉండేవి. మస్కట్‌లో సెలవురోజు శుక్రవారం ఆరాధన అయ్యాక అందరం టీ కప్పులు పట్టుకుని నిలబడితే, అక్క సంచిలోంచి బీపీ మిషను తీసేది. సొంత అక్క కాదు. గోదావరి జిల్లా నుంచి వచ్చి, పద్నాలుగేళ్లుగా ఇక్కడో ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేస్తున్న స్టాఫ్ నర్సు. మాలాంటి పాతిక కుటుంబాలకు డాక్టరూ ఆమే, తిట్టే పెద్దదిక్కూ ఆమే. ఎవరి పుస్తకంలో వాళ్ల అంకె ఆమే స్వయంగా రాసేది. విడి కాగితమైతే పారేస్తామట, పాటల పుస్తకమైతే పారేయమట.

ఊరి నుంచి తెచ్చుకున్న బీపీ మాత్ర సగం వేసుకోమన్నదీ, తర్వాత నిండు మాత్ర చేసిందీ ఆమే. అదీ ఆ పేజీలోనే రాసింది. "ఆ ఊరగాయ మానరా తమ్ముడూ అంటే వినవేంట్రా, నీ పెళ్లాం చెవులో చెప్పాలా?" అనేది. ఆయన నవ్వి ఊరుకునేవారు. అలా మూడేళ్లు గడిచాయి.

నిరుడు ఆయన కాళ్లు వాచాయి. అక్క బొటనవేలితో నొక్కి చూసింది. గుంట అలాగే ఉండిపోయింది.

"ఇక నా వల్ల కాదమ్మా. కిడ్నీలు ఎలా ఉన్నాయో చూపించాలి. కంపెనీ కార్డు ఉందిగా, ఈ వారంలోనే తీసుకెళ్లు," అంది.

కార్డు ఉంది. ఆయన అల్ మవాలేలో ఒక ట్రేడింగ్ కంపెనీలో స్టోర్ కీపరు. అప్పటికి రెండేళ్ల కిందట అందులో చేరినప్పుడు ఇచ్చారు ఆ ఇన్సూరెన్సు కార్డు. దాని అసలు రంగు అవసరం పడ్డాకే తెలిసింది. దార్సైట్‌లో మా ఇంటి కింద క్లినిక్‌లో "యే కార్డ్ యహా నహీ చల్తా", ఇక్కడ చెల్లదు అన్నారు. రెండోచోట, మొన్నటిదాకా తీసుకున్నాం, ఇప్పుడు మానేశాం అన్నారు. మూడోచోట కార్డు చెల్లుతుంది గానీ డాక్టరు సెలవు మీద ఊరెళ్లాడు. కంపెనీకి ఫోన్ చేస్తే "ఆసుపత్రుల లిస్టులో చూసుకోండి మేడమ్" అన్నాడు ఆఫీసులో కుర్చీ వదలని మహానుభావుడు. ఆ లిస్టు పట్టుకునే కదా నాయనా నేను తిరుగుతున్నది. కార్డు మీద పళ్లన్నీ కనపడేలా నవ్వుతున్న ఒక కుటుంబం బొమ్మ ఉండేది. దాన్ని చూస్తేనే ఒళ్లు మండేది నాకు.

చివరికి అల్ మవాలేలోనే ఒక క్లినిక్ ఆ కార్డు తీసుకుంది. తీసుకోవడమంటే, పరీక్షలకు ఇన్సూరెన్సు వాళ్ల అప్రూవల్ రావాలి, కూర్చోండి అన్నారు. రెండు గంటలు కూర్చున్నాం. వాచిన కాళ్లకు చెప్పులు పట్టక ఆయన విప్పేసి పక్కన పెట్టుకున్నారు. అప్పుడు కౌంటర్లో అమ్మాయి హిందీలో అడిగింది, ఇంతకుముందు ఎక్కడ చూపించారు, పాత రికార్డేమైనా ఉందా అని.

మనవాళ్లకు ఒక జబ్బుంది. ఏ కౌంటర్ ముందు నిలబడినా, ఫలానా చోట మావాళ్లున్నారని చెబితే పని అవుతుందనుకుంటాం. ఊళ్లో రేషన్ ఆఫీసు నుంచి పెద్దాసుపత్రి దాకా నేను అలాగే నెట్టుకొచ్చాను. అదే నోటితో ఇక్కడా చెప్పాను. అక్క పేరు చెప్పాను, ఆమె ఆసుపత్రి పేరు చెప్పాను. మూడేళ్లుగా ఆవిడే చూస్తోంది, మందు కూడా ఆవిడే పెంచింది అని గొప్పగా చెప్పాను. సంచిలోంచి పాటల పుస్తకం తీసి చివరి పేజీ తెరిచి చూపించాను. ఆ అమ్మాయి ఫోన్‌తో ఫోటో తీసుకుంది. ఆయన నా మోచెయ్యి పట్టుకుని లాగారు.

"మీరూరుకోండి, పని అవుతోంది కదా," అన్నాను.

బాగానే అయింది పని. నాలుగోరోజు ఇన్సూరెన్సు వాళ్ల నుంచి జవాబు వచ్చింది. జబ్బు మూడేళ్లుగా ఉందని మీ రికార్డే చెబుతోంది, కార్డుకు ముందు నుంచీ ఉన్నదానికి మేం ఇవ్వం అని. పోనీ ఇండియా వెళ్లి చేయించుకుందాంలే అన్నారు ఆయన. సెలవు దొరకలేదు.

అక్కడితో ఆగలేదు. రికార్డు సరిచూడటానికి వాళ్లు అక్క ఆసుపత్రికీ ఫోన్ చేశారు. అక్కడ మా ఆయన పేరున ఫైలే లేదు. డాక్టరు రాయకుండా, ఆసుపత్రి బయట, ఒక నర్సు మందు పెంచిందన్న సంగతి మాత్రం ఆ ఫోటోలో ఉంది, ఆమె చేతిరాతతో సహా. ఆసుపత్రి వాళ్లు అక్కను పిలిచి సంజాయిషీ అడిగారు. నెల తిరక్కుండా ఉద్యోగం తీసేసి వీసా క్యాన్సిల్ చేశారు.

చర్చిలో నన్నెవరూ ఒక్కమాట అనలేదు. అన్నా బాగుండేది. పాతిక కుటుంబాల్లో ఒక్కరూ ఆమె తరఫున మాట్లాడటానికి ఆ ఆసుపత్రి గడప తొక్కలేదు. పైగా ఎవరి పుస్తకంలో చివరి పేజీ వాళ్లు చింపేసుకున్నారు. వాళ్లననడానికి నాకేం మొహం ఉంది? నేనూ వెళ్లలేదు. వెళ్తే మళ్లీ నోరు జారతానేమోనని సర్దిచెప్పుకున్నాను. అది అబద్ధం. ఆయన ఉద్యోగం మీదికి వస్తుందని భయపడ్డాను.

అక్క వెళ్లే ముందురోజు సాయంత్రం ఇద్దరం ఆమె రూమ్‌కి వెళ్లాం. సూట్‌కేసు కట్టేసి మంచం మీద పెట్టుకుంది. "అక్కా" అన్నాను. ఆమె నా వైపు చూడలేదు, ఆయన కాళ్ల వైపు చూసింది.

"కూర్చోరా," అంది.

కట్టేసిన సూట్‌కేసు మళ్లీ తెరిచి, చీరల కిందనుంచి మిషను తీసి, ఆయన చేతికి పట్టీ చుట్టింది. అంకె చెప్పింది. ఎక్కువే ఉంది. మూడేళ్ల అలవాటున నేను సంచిలోంచి పాటల పుస్తకం తీసి, చివరి పేజీ తెరిచి, పెన్నుతో సహా ఆమె ముందు పెట్టాను.

ఆమె పుస్తకం మూసి నా ఒళ్లో పెట్టింది.

"నేను రాయనమ్మా," అంది. "నువ్వే గుర్తుపెట్టుకో."