వీపు మీద ఆరు చుక్కలు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా డిపార్టుమెంటులో అందరికీ తెలుసు. అయినా ఆ సోమవారం పొద్దున మెషీన్ గదిలో నేను అరిచిన అరుపుకు బయట కుర్చీల్లో కూర్చున్నవాళ్లు కూడా ఉలిక్కిపడి లేచారట.

నేను ఖమ్మంలో ఒక క్యాన్సర్ దవాఖానాలో ఫిజిసిస్టుని. డాక్టరును కాను. రేడియేషన్ ఎక్కడ పడాలి, ఎంత పడాలి, పక్కనున్న మంచి అవయవాలను దాని నుంచి ఎలా తప్పించాలి, ఇదీ నా పని. సొంతూరు టేకులపల్లి దాటాక అడవి అంచున ఒక తండా. అప్పట్లో మేము మెదడు, వెన్ను క్యాన్సర్ల మీద ఒక పరిశోధన మొదలుపెట్టాం. తల నుంచి నడుము కింది దాకా రేడియేషన్ ఇవ్వాల్సి వచ్చినప్పుడు, గురి కాస్త అటూ ఇటూ అయినా పరవాలేదని వెన్ను చుట్టూ కొంత అంచు ఎక్కువ తీసుకుంటాం. ఆ అంచును తగ్గించగలిగితే గుండెకూ పేగులకూ బాధ తగ్గుతుంది. కానీ అంచు తగ్గాలంటే మనిషి రోజూ సరిగ్గా అదే చోట, అదే తీరుగా పడుకోవాలి. అందుకే వీపు మీద చుక్కలు పెడతాం. గోడల నుంచి వచ్చే ఎర్రటి లైటు గీతలు ఆ చుక్కల మీదుగా పోతే మనిషి సరిగ్గా పడుకున్నట్టు.

ఆ రోజు బల్ల మీదున్న ఆమె మా పక్క తండా అంగన్‌వాడీ టీచర్. ముప్పై కూడా నిండలేదు. పిల్లలకు గుడ్లు పంచుతూ కళ్లు తిరిగి పడిపోతే పరీక్షలు చేసి తల వెనక గడ్డ ఉందన్నారు. హైదరాబాదులో ఆపరేషన్ చేసి తీసేశారు. ఆ రకం గడ్డ ఊరుకోదు, మెదడు చుట్టూ ఉండే నీళ్లలో కలిసి వెన్నులోకి దిగుతుంది. అందుకని ఆపరేషన్ అయ్యాక ఫలానా రోజు లోపల రేడియేషన్ మొదలవ్వాలని మాకు ఒక గడువు ఉంటుంది. ఆమె గడువు ఆ వారం గురువారం. అది దాటితే ఆమెను పరిశోధన నుంచి తీసేయాలి. అంతకన్నా నన్ను భయపెట్టింది వేరే. ఎక్కడో ఒక కణం మిగిలి ఉంటే అది మన గడువు చూసుకుని పెరగదు.

అంతకు పది రోజుల ముందు ఆమెను బోర్లా పడుకోబెట్టి స్కాన్ చేశాం. మెడ కింది నుంచి నడుము దాకా ఆరు చుక్కలు పెన్నుతో పెట్టి పైన పారదర్శకమైన టేపు అంటించాం. ప్లాన్ తయారయ్యేదాకా ఇంటికి పోయి రమ్మన్నాం. మా తండాల్లో మాట్లాడే తీరు తెలిసినదాన్ని కదా, వాళ్లమ్మకు చెప్పే బాధ్యత నేనే తీసుకున్నాను. "చూడమ్మా, ఈ చుక్కలు పోయినయంటే నీ బిడ్డకు కరెంటు ఎక్కడ పెట్టాల్నో మాకు తెల్వది. నువ్వేం చేస్తవో నాకు తెల్వది, చుక్కలు మాత్రం పోవద్దు" అన్నాను. రేడియేషన్ ఇవ్వడాన్ని మా వైపు కరెంటు పెట్టడం అంటారు. మనవాళ్లకు మన భాషలో చెప్పానని, ఇక ఢోకా లేదని లోలోపల గర్వపడ్డాను కూడా.

అది మే నెల. మా వైపు ఎండలు ఎలా ఉంటాయో వేరే చెప్పక్కర్లేదు. టేపు రెండో రోజుకే ఊడిపోయిందట.

సోమవారం ఆమె బోర్లా పడుకుంటే గౌను తొలగించాను. పెన్ను గుర్తులు లేవు. వాటి చోట పసుపు పూసి, కొద్దిగా ఉబ్బి, ఆరు పచ్చబొట్లు ఉన్నాయి.

అప్పుడే నేను అరిచింది. వాళ్లమ్మను లోపలికి పిలిపించాను. "ఎవరు చెయ్యమన్నరు గిట్ల? సూది పుండైతే? చీము పడితే ఎవరు జవాబు చెప్తరు?" అని వాయించేశాను.

"నువ్వే గద బిడ్డా పోవద్దన్నవు" అంది. "చెమటకు పోవట్టినయి. నాకు భయమైంది. పచ్చబొట్లు పొడిచే అవ్వను పిలిపిచ్చిన. ఇగ ఎన్ని నీళ్లు వోసినా పోవు." నా ముఖంలోకి చూసి, "తప్పయిందా?" అని అడిగింది.

నేను చెప్పింది చెప్పినట్టు చేసిన మనిషి ఆమె. చుక్కలు పోతే వెంటనే రండి, మీరేమీ చేయకండి అని నేను చెప్పలేదు. మా తండాలో పోకూడని గుర్తును ఏం చేస్తారో నాకు తెలియక కాదు. మా అమ్మ రెండు చేతులూ మోచేతుల దాకా పచ్చబొట్లే. నా చిన్నప్పుడు పచ్చబొట్ల అవ్వ వస్తే మక్కల బస్తాల వెనక దాక్కుని తప్పించుకున్నాను. బోడి చేతులతో తిరుగుతున్నానని మా అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

డాక్టరు వచ్చి చూసి చీము ఏమీ లేదన్నారు. ఎక్స్‌రే తీసి పాత స్కానుతో పోల్చాం. పై నాలుగు చుక్కలు సరిగ్గా ఉన్నాయి. నడుము దగ్గరి రెండూ అర వేలు మేర పైకి జరిగాయి. మేము తగ్గించాలనుకున్న అంచు కన్నా అది ఎక్కువ.

టీచరును లేపి కూర్చోబెట్టి అడిగాను. "అన్నీ పెన్ను చుక్కల మీదనే పొడిచిందా?"

"కింది రెండు అప్పటికే పోయినయ్ మేడమ్. లంగా బొందు రాసుకొని పోయినయ్. అమ్మ యాదికి తెచ్చుకొని జాగ చూపిచ్చింది."

"అప్పుడు పండుకొని ఉన్నవా?"

"లే, ముందుకు వంగి కూసున్న."

వంగినప్పుడు నడుము మీది చర్మం సాగుతుంది. పడుకుంటే మళ్లీ పైకి పోతుంది, దాంతోపాటే చుక్కా పోతుంది. అవ్వ చేతి తప్పేమీ లేదు.

మా పెద్ద డాక్టరు సత్తుపల్లి వైపు రైతు కుటుంబం నుంచి వచ్చినాయన, నిదానస్తుడు. "ఏంటమ్మా ఇది, ఎందుకొచ్చిన తంటా. మళ్లీ స్కాన్ చేసి మళ్లీ ప్లాన్ చేద్దాం" అన్నారు.

"గురువారం దాటిపోతుంది సార్."

"దాటితే స్టడీలోంచి తీసేద్దాం. వైద్యం ఆపం కదా."

ఆయన మాటలో తప్పు లేదు. కానీ ఆ ఆలస్యం నేను సగమే చెప్పడం వల్ల వచ్చింది, దాన్ని ఆమె వెన్ను మోయడం నాకు సమ్మతం కాలేదు. "బుధవారం దాకా టైమ్ ఇవ్వండి సార్. కాకపోతే మీరన్నట్టే" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి సరేనన్నారు.

ఆ రెండు రోజులు మెషీను ఖాళీ దొరికినప్పుడల్లా ఆమెను పడుకోబెట్టాం. కింది చుక్కలను పూర్తిగా వదిలేశాం. పై నాలుగింటిని పట్టుకుని బల్లను సర్ది, వెన్నెముక ఒక్కో ఎముకను పాత స్కానుతో సరిచూస్తూ, కింది గుర్తులు అసలు ఎక్కడుండాలో వెతికాం. ఒకసారి కుదిరితే నమ్మలేను. లేపి, నడిపించి, మళ్లీ పడుకోబెట్టి, మళ్లీ కొలవాలి. మూడుసార్లూ ఒకే చోటు రావాలి. ముఖానికి బిగించే తొడుగుతో ఆమెకు వాంతి వచ్చినట్టయ్యేది. ఆపుదామా అని అడిగాను.

"చెయ్యండి మేడమ్" అంది. "ఇరవైమంది పోరగాండ్లను కదలకుండ పండవెట్టినదాన్ని. నాకు పండుడు రాదా?"

మంగళవారం సాయంత్రానికి మూడు కొలతలూ కలిశాయి. పెద్ద డాక్టరు కుర్చీ లాక్కుని కూర్చుని ఎముక ఎముకా తనే చూసుకున్నారు. సంతకం పెట్టారు. బుధవారం మొదటి రేడియేషన్ ఇచ్చాం. తప్పు చుక్కలు రెండింటి మీదా రోజూ ప్లాస్టరుతో అడ్డంగా అంటించేవాళ్లం, డ్యూటీలో ఎవరున్నా పొరపాటున వాటికి లైటు కలపకూడదని. తల్లీబిడ్డా దవాఖానా వెనక గది కిరాయికి తీసుకున్నారు. చివరి రోజు దాకా ఒక్క పూట మానలేదు.

తర్వాత నేను ఆ చుక్కలనే పట్టుకున్నాను. ఒప్పుకున్నవాళ్లకు బల్ల మీద పడుకుని ఉండగానే, మేమే సన్న సూదితో పచ్చబొట్టు పెడతామని పరిశోధనలో చేర్చమన్నాను. "ఆడవాళ్లు ఒంటి మీద మచ్చ ఒప్పుకుంటారా?" అన్నారు పెద్ద డాక్టరు. నవ్వు ఆపుకోలేకపోయాను. "మీ వైపు సంగతి తెలియదు సార్, మా వైపు మచ్చ లేకుంటేనే అడుగుతారు" అన్నాను. అనుమతికి దవాఖానా కమిటీవాళ్లు ఏడాదికి పైగా తిప్పించుకున్నారు, నేను తిరిగాను. ఇప్పుడు పెన్ను చుక్కలవాళ్లనూ పచ్చబొట్లవాళ్లనూ పక్కపక్కన పెట్టి ఎవరు ఎంత జరుగుతున్నారో కొలుస్తున్నాం. ఫలితం ఇంకా తేలలేదు. మావాళ్ల పద్ధతే గెలవాలని నాకు ఆశ, ఆ ఆశ కొలతల్లోకి చొరబడకుండా కొలిచే పని ఇంకొకరికి అప్పగించాను.

పోయిన నెల టీచరు పరీక్షకు వచ్చింది. ఆపరేషన్ జరిగి రెండేళ్లు దాటింది. స్కానులో ఏమీ లేదు. మళ్లీ అంగన్‌వాడీకి పోతోంది, కొంచెం బరువు కూడా పెరిగింది. సంతోషంగా కబుర్లు చెప్పుకుంటుంటే వాళ్లమ్మ బిడ్డ రవిక వెనక పైకెత్తి నాకు వీపు చూపించింది. పై నాలుగు చుక్కలు చుక్కల్లాగే ఉన్నాయి. నడుము దగ్గరి రెండింటి చుట్టూ రేకులు పొడిపించి పువ్వులు చేసింది.

"గిదేందమ్మా?"

"తప్పు చుక్కలు గద అవి" అంది. "రేపు మల్ల అవసరం వడ్తే నువ్వుంటవో లేవో. కొత్త పిల్లలు తెల్వక వాటి మీద లైటు వెట్టొద్దని. పువ్వున్నది పనికి రాదని కాగితంల రాసుకో బిడ్డా."

ఒకసారి అంత రేడియేషన్ తిన్న వెన్నుకు మళ్లీ అదే మోతాదు ఇవ్వలేం. ఆ నాలుగు చుక్కలతో మాకు ఇక పని పడదు. ఆ మాట నా నోటి దాకా వచ్చింది, మింగేశాను. కళ్లలో నీళ్లు తిరిగితే స్కేలు కోసం సొరుగు వెతుకుతున్నట్టు అటు తిరిగాను. నాలుగు చుక్కలూ ఒక్కొక్కటే కొలిచాను.

"రాసుకున్నవా?" అని అడిగింది.

"రాసిన" అన్నాను. నిజంగానే రాశాను. నాలుగు సరైనవి, పువ్వులున్న రెండూ వాడకూడదు.