మార్కండేయుడి ఆట

పెద్దల అమావాస్య అయిన పెత్తరమాసకు ముందు వచ్చే ఆదివారం, సూరత్‌లోని నవాగామ్‌లో, వలస వచ్చిన మా నేత కుటుంబాలు కట్టుకున్న గుడి వెనుక రేకుల హాలులో, పిల్లలకు పెద్దలను తలుచుకోవడం నేర్పుతాను. పవర్‌లూమ్‌ల మీద పనిచేసేవాళ్ల పిల్లలు వాళ్లు. చాలామంది సూరత్‌లోనే పుట్టారు. పోయినవాళ్ల పేరున ఇంట్లో బియ్యం ఇవ్వడం చూస్తారు కానీ, ఎందుకిస్తారో వాళ్లకు చెప్పేంత తీరిక ఎవరికీ లేదు. నేను పురాణ శ్రవణంలో, భజన మండలిలో పెరిగినదాన్ని. ఈ పని భగవంతుడే నాకు అప్పగించాడని నమ్మాను. ఇప్పటికీ నమ్ముతాను.

ఆ ఏడు చీరల డబ్బాల అట్టలు కత్తిరించి పిల్లలకు పంచాను. అట్ట మీద ఇంట్లో పోయిన మనిషి బొమ్మ గీయాలి, అంచు చుట్టూ కార్ఖానాలో మిగిలిన రంగు దారం చుట్టాలి, ఆ మనిషి గురించి ఒక మాట చెప్పాలి.

"మా తాత బీడీలు తాగెటోడు, బెన్. నాతోనే తెప్పిచ్చుకునెటోడు," అన్నాడొకడు. ఇక్కడి అలవాటు ప్రకారం పిల్లలంతా నన్ను అక్కా అన్నట్టు బెన్ అనే పిలుస్తారు.

"మా నానమ్మ నేను పుట్టకముందే ఖతం. నాకేం తెలుస్తది ఆమె ముచ్చట?" అన్నాడు ఇంకొకడు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

రెండో తరగతి చదివే ఒక పిల్ల మాత్రం చీర కట్టిన మనిషిని గీసి, ముఖం ఖాళీగా వదిలేసింది. వానాకాలం మొదట్లో ఆ పిల్ల తల్లి జ్వరమొచ్చి దవాఖానాలో చనిపోయింది. మాట చెప్పమంటే తల అడ్డంగా ఊపింది. నేను బలవంతం చేయలేదు.

తర్వాత ఆట. మా కులానికి మూలపురుషుడు మార్కండేయుడు. పదహారేళ్లకే ఆయువు తీరిన ఆ బాలుడు శివలింగాన్ని కౌగిలించుకుని వదలకపోవడం వల్లే చిరంజీవి అయ్యాడు. నీళ్ల డ్రమ్మును బోర్లించి లింగం చేశాను. దారపు పోగులు పేని పాశం చేశాను. ఒకరు డ్రమ్మును పట్టుకోవాలి, యముడు నడుముకు పాశం వేసి లాగాలి. వదిలితే ఓడినట్టు.

యముడి వేషం వేసిన పిల్లవాడు మహా గడుసు.

"ఛల్, ఇడువు జల్ది! బయట నా దున్నపోతు నిలబడ్డది!"

"నీ దున్నపోతును పోలీసోళ్లు ఎత్తుకపోయిన్రు పోరా!" అని వెనక నుంచి కేకలు.

ముఖం గీయని ఆ పిల్ల వంతు వచ్చింది. యముడు ఎంత లాగినా కదల్లేదు. ఇద్దరు ముగ్గురు కలిసి లాగారు. నేను చప్పట్లు కొట్టి ఆట ముగించాను. అయినా వదల్లేదు.

"బెన్, ఈమెకు చెప్పుర్రి. ఆట ఖతమైంది," అంటూ యముడు పాశం కింద పడేశాడు.

"చూశారా, భక్తి అంటే గిట్లుండాలె," అని అందరి ముందూ మెచ్చుకున్నాను.

దగ్గరికి వెళ్లి చూస్తే వేళ్లు తెల్లబడిపోయి ఉన్నాయి.

"ఇంక ఇడువు బిడ్డా. నువ్వే గెలిచినవ్."

"ఇడిస్తే తీస్కపోతడు."

"ఆటనే గదా తల్లీ."

"అమ్మను గట్లనే తీస్కపోయిండు." చెంప డ్రమ్ముకు ఆనించే మాట్లాడింది. "దవాఖానల నేను అమ్మ చెయ్యి పట్టుకున్న. బాపు అచ్చి, కిందికి పోదాం దా, సమోసా తిందాం అన్నడు. నేను ఇడిసిన. తిని అచ్చెవరకు అమ్మ లేదు."

తల్లి ఎందుకు పోయిందని ఆ పసిది ఇన్నాళ్లూ లోపల వెతుక్కుంటూ ఉంది. వదిలేయడమే కారణమని నా ఆటతో నేనే చేతికి అందించాను, పైగా చప్పట్లు కొట్టాను.

నేల మీద కూర్చున్నాను.

"మార్కండేయునికి చావు లేదు గదా," అన్నాను. "మరి వాళ్లమ్మ ఉన్నదా ఇప్పుడు? లేదు. ఆయన అంత గట్టిగ దేవుణ్ణి పట్టుకున్నా వాళ్లమ్మ పోయింది. నువ్వు ఇడిసినందుకు కాదు బిడ్డా."

చిరంజీవి అంటే అయినవాళ్లందరూ పోయాక మిగిలినవాడని ఇన్నేళ్ల పారాయణలో నాకు ఒక్కసారీ తట్టలేదు.

పిల్ల ఆలోచించింది. "ఆయన సమోసా తిననీకి పోలే గద," అంది.



అప్పుడు చూశాను, గుమ్మంలో ఆ పిల్ల తండ్రి నిలబడి ఉన్నాడు. సచిన్ పేట మిల్లులో పాళీ ముగించుకుని, కూతుర్ని తీసుకెళ్లడానికి వచ్చాడు. తలనిండా దూది నూగు. ఎంతసేపటి నుంచి వింటున్నాడో తెలియదు. వచ్చి డ్రమ్ము పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"నిన్ను తీస్కపొమ్మన్నది మీ అమ్మనే," అన్నాడు. "పొద్దటి సంది పిల్ల ఏం తినలే, నా చెయ్యి ఇడిపిచ్చి కిందికి తీస్కపో అన్నది. నా అంతట నేను పోదాం అనలే. ఆమెనే అన్నది."

పిల్ల మొదటిసారి తల తిప్పింది. "నాకు చెప్పలే నువ్వు."

"చెప్పలే. నాతోని కాలే."

"ఇంకేమన్నది?"

అతను నా వైపు చూశాడు. నేనేం సాయం చేయగలను?

"జడ బిగ్గ అల్లద్దన్నది. తల నొస్తదట నీకు."

"మరి నువ్వు బిగ్గనే అల్లుతున్నవ్ గద!"

జడ చూపించడానికి పిల్ల డ్రమ్ము మీది చేతులు వెనక్కి తీసింది. తండ్రి అక్కడే కూర్చుని రబ్బరు తీసి విప్పడం మొదలుపెట్టాడు. వదులుగా అల్లడం అతనికి రావడం లేదు. అల్లుతున్నాడు, జారిపోతోంది, మళ్లీ విప్పుతున్నాడు.

"గట్ల కాదు బాపు, జర ఆగు," అంటోంది పిల్ల. "ఇంక చెప్పు. ఇంకేమన్నది అమ్మ?"