నోరు తెరవని గొర్రెపిల్ల: మేడ్చల్ నుంచి లాల్‌గడి మలక్‌పేట దాకా

లాల్‌గడి మలక్‌పేటకు జనం ఎక్కువగా ప్లాట్లు చూడటానికి వెళ్తారు. మేము మాత్రం రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, ఒక జనవరి శనివారం, చీటీ మీది ఒక్క మాటకు అర్థం అడగటానికి వెళ్లాం. మా సంఘంలో కొత్త సంవత్సరం ఆరాధన అయ్యాక డబ్బాలోంచి తలా ఒక వాగ్దాన చీటీ తీస్తాం. ఏడాదంతా దేవుడు మనతో అనే మాట అదేనని నమ్మకం. నా భార్య ఎస్తేరుకు యెషయా ప్రవక్త మాట వచ్చింది: వధకు తీసుకుపోయే గొర్రెపిల్లలా అతడు నోరు తెరవలేదని. సోమవారం ఆమెకు గొంతులో గడ్డ తీయాలి. తీస్తే మాట పోవచ్చు, తీయకపోతే ఊపిరే ఆగుతుందన్నాడు డాక్టరు. చీటీ చూసినప్పటి నుంచి ఎస్తేరు ఆస్పత్రికి రానంటోంది.

ఊళ్లో కోతిపనులకు నాదే పేరు గనుక ముందు నన్నే నిలదీసింది. "నిజం జెప్పు, నువ్వే పెట్టినవా?"

ఆమె భయం పోతుందేమోనని "నేనే పెట్టిన, ఊకె నవ్వుదామని" అన్నాను.

"నీ మొఖం. పాత నిబంధనల యెషయా యాడుంటదో తెల్వక కొత్త నిబంధనల మత్తయి ఎనక దేవులాడుతవు నువ్వు."

అబద్ధం చెప్పటానికి కూడా చదువు కావాలని ఆ రోజే తెలిసింది.

లాల్‌గడి మలక్‌పేటలో ఉండే అయ్యగారినే అడుగుదామని, శనివారం అన్నం తిని మేడ్చల్‌లో షేరింగ్ ఆటో ఎక్కాం. షామీర్‌పేటకు మనిషికి పది రూపాయలు. ఆటో నడిపే ఖాజా కాళ్ల దగ్గర ఒక గొర్రెపిల్ల కట్టేసి ఉంది. "బిడ్డ ఇంట్ల దావత్ ఉందక్కా" అన్నాడతను. ఎస్తేరు ముఖంలో నెత్తురు లేదు. ఆ గొర్రెపిల్ల ఒక్కసారి అరిస్తే చాలు, మాకు ధైర్యం వచ్చేది. వంగి దాని చెవి పిండాను. పలకలేదు. మళ్లీ పిండాను.

"ఏం జేస్తున్నవ్ భయ్?"

"అరుస్తదేమోనని."

"పొద్దటి సంది గంతే. పరేషానైంది పాపం."

ఎస్తేరు కొంగు తీసి గొంతు చుట్టూ కప్పుకుంది. దారి పొడవునా హద్దురాళ్లు నాటిన పొలాలు. నా కంటికి అవన్నీ సమాధి రాళ్లలా కనిపించాయి.

షామీర్‌పేటలో ఇంకో ఆటో మారి, మూడున్నరకు అయ్యగారి ఇల్లు చేరాం. మా సంఘాన్ని మొదలుపెట్టిన పాస్టరు ఆయనే, ఇప్పుడు ముసలితనం. వాకిట్లో కందికాయలు ఒలుస్తున్నాడు. చీటీ చూసి, "ఇది క్రిస్మస్‌కు పిల్లలు అప్పజెప్పే ప్రవచనం గదా. వాగ్దానాల డబ్బాల గలిపిన్రా?" అన్నాడు.

"ఏ డబ్బాలదైతేంది అయ్యగారు, నా చేతికొచ్చింది. గిది నా గురించేనా?"

"నీకంటె ముందే ఒకాయన అడిగిండు బిడ్డ. రథంల పోతూ గిదే మాట సదివి, ప్రవక్త తన గురించి అంటుండా, ఇంకొకరి గురించా అన్నడు. సువార్త జెప్పే ఫిలిప్పు రథమెక్కి, యేసు గురించని జెప్పిండు. మెస్సీయ బేత్లెహేముల పుడతడని మీకా ప్రవక్త రాసింది అందరికి నచ్చింది. రాజొస్తడని చూసిన్రు. గొర్రెపిల్ల లెక్క పోతడంటే ఎవలికి నచ్చుతది? తీర్పు జెప్పే పిలాతు ముందట యేసు నోరిప్పక ఊకున్నంక శిష్యులకు సమజైంది. యూదులు గిది తమ జనం గురించంటరు, గది వాళ్ల సదువు. మన సదువు గిట్ల."

"అయితే ఆపరేషన్ మంచిగైతదన్నట్టేనా?" అని నేను మధ్యలో దూరాను.

"గది ఇందుల లేదయ్యా. సస్తదని లేదు, బతుకుతదని లేదు. ఆయన గురించిన మాట దెచ్చి ఈమె మెడల గట్టకు."

ఎస్తేరు అయ్యగారి చేతిలోంచి చీటీ తీసుకుని మడిచింది. తర్వాత నా వైపు తిరిగి, "సోమవారం ఎన్నిగొట్టంగ పోవాలె?" అంది.

ఆపరేషన్ అయ్యాక మాట బొంగురుపోయింది గానీ మనిషి దక్కింది. అయ్యగారు ఆ రోజు తప్పక బతుకుతావని చెప్పి ఉంటే తను నమ్మేది కాదని ఎస్తేరు ఇప్పటికీ అంటుంది. ఎన్నో తరాల వాళ్లు రాజు కోసం ఎదురుచూస్తూ భయపడుతూ చదువుకున్న మాటను, మేం మా గొంతు కొలతకు కత్తిరించుకున్నాం. భయానికి కత్తెర ఎప్పుడూ అందుబాటులోనే ఉంటుంది.

ఇక వెళ్లేవాళ్లకు ఒకటే మాట: దిగేటప్పుడే తిరుగు ఆటో మాట్లాడుకోండి, సాయంత్రమైతే దొరకదు. ఆ శనివారం మేం ఆ సంగతి తెలియక షామీర్‌పేట దాకా నడిచాం. దారంతా ఎస్తేరు ఆగకుండా మాట్లాడుతూనే ఉంది. ఆపమని అనటానికి నాకు నోరు రాలేదు.