ముందు సీటు మధ్యలో

లాగే బండి లేకుండానే ముందు ట్రైలర్ కొన్నాం. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు. మడత విప్పితే గుడారమై లేచి, లోపల రెండు మంచాలూ ఒక చిన్న వంట గట్టూ ఉండే క్యాంపింగ్ ట్రైలర్ అది. అమ్మినాయనే తన బండికి తగిలించుకొచ్చి మా పెరట్లో వదిలివెళ్ళాడు. మా చిన్న కారు దాన్ని లాగలేదు. "ఇంకో నెలలో మంచి బండి కొనేద్దాంలేవే" అన్నాడు బావ. ఆ నెల రెండేళ్ళయింది. చక్రాల చుట్టూ గడ్డి మొలిచింది. బ్రిస్బేన్ వానలకు గుడారం గుడ్డకి బూజు పట్టేది. నేను వెనిగర్‌తో తుడవడం, అది మళ్ళీ పట్టడం.

బావ అంటే మా ఆయన. మా అమ్మకు సొంత అన్న కొడుకు. మాది మేనరికం. మా వైపు అదేమంత వింత కాదు. పిల్ల పుట్టగానే ఫలానా వాడి పెళ్ళామని ముద్దుగా పిలిచే ఇళ్ళు మావి. ఆ మాటకు తలదించుకోవలసిన రోజు వస్తుందని మాకెవరూ చెప్పలేదు.

మా అమ్మాయికి తొమ్మిదేళ్ళున్నప్పుడు, పొద్దుగూకితే మెట్లు తడుముకుంటోందని కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన రకరకాల దీపాలు వేసి చూశాడు. తర్వాత పిల్లను బయట కూర్చోబెట్టి మాతో చెప్పాడు. ముందు చీకట్లో చూపు పోతుంది. ఆ తర్వాత పక్కచూపు. చుట్టూ నుంచి మూసుకుంటూ వచ్చి, గొట్టంలోంచి చూసినట్టు నడుమ కాస్త మిగులుతుంది, అదీ ఎన్నాళ్ళో చెప్పలేం. మందు లేదు. అది చాలదన్నట్టు, గోరుచుట్టు మీద రోకటిపోటు, మీరిద్దరూ బంధువులా అని అడిగాడు. అవునన్నాం. తలూపి రాసుకున్నాడు. పిల్లకు చూపించాలనుకున్నవి ఏవైనా ఉంటే చూపించేయండి అన్నాడు. ఎంత తేలిగ్గా అన్నాడో!

ట్రైలర్ ఆలోచన బావదే, ఒప్పుకోవాలి. దేశమంతా తిప్పుదాం అన్నాడు. రోజుకో కొత్త గదిలో పడుకుంటే పిల్ల చీకట్లో గోడలకు కొట్టుకుంటుంది. మన ట్రైలర్ అయితే ఎక్కడికెళ్ళినా అదే మంచం, అదే మెట్టు, నీళ్ళ సీసా అదే చోట అన్నాడు. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. ఇంత ఆలోచన ఉన్న మనిషి బండి దగ్గరికొచ్చేసరికి ఎందుకు బిగుసుకుపోయాడో చాలాకాలం అర్థం కాలేదు.

ఇంజనీరు కదా, లెక్కలు మొదలుపెట్టాడు. ట్రైలర్ బరువెంత, దానిలో బియ్యం మూటా కుక్కరూ పెడితే ఎంత, కొక్కెం మీద ఎంత భారం పడుతుంది. ఒక బండికి ఇంజను చాలదు, ఒకటి పెట్రోలు తాగుతుంది, ఒకటి అమ్మబోతే ధర రాదు. ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి కారు పార్కులో మన తెలుగు అంకుల్స్ అంతా చుట్టూ చేరేవాళ్ళు.

"మైలేజీ ఎంతిస్తుందో అడిగావా? అది ముఖ్యం."

"డీజిల్ తీసుకోవయ్యా, కళ్ళు మూసుకుని తీసుకో."

"అసలు తొందరేముంది బ్రదర్? కొత్త మోడల్ వచ్చేదాకా ఆగు, ప్రైస్ డ్రాప్ అవుద్ది."

తొందరేముందట! వాళ్ళ తప్పు లేదు, వాళ్ళకు తెలియదు. రేపు పిల్ల పెళ్ళి మాట వస్తుందని, మేనరికమని నాలుగు నోళ్ళూ నమలుతాయని మేం ఎవరికీ చెప్పలేదు. పిల్లకూ చెప్పలేదు. "కళ్ళు కాస్త వీక్, అంతే" అన్నాం. అసలు సంగతి మాత్రం ఇంట్లో నేనూ బావా రోజూ తెలుగులో మాట్లాడుకునేవాళ్ళం, వంటింట్లో, కారులో, పిల్ల వెనకాల కూర్చుని ఉండగానే. దానిది అన్నం తిను, చెప్పులు వేసుకో వరకే వచ్చే వంటింటి తెలుగని మా నమ్మకం. ఏది అడిగినా ఇంగ్లీషులోనే జవాబు. ఇక్కడ పుట్టిన పిల్ల, చూపు మందగించడం, వంశంలో దోషం లాంటి మాటలు దానికేం తెలుస్తాయి అనుకున్నాం.

ఆ రెండేళ్ళలో అది పక్కనున్న మంచినీళ్ళ గ్లాసు తన్నేయడం మొదలుపెట్టింది. స్కూల్లో బంతి ఆట మానేసింది. "బోరింగ్" అంది. పక్కింటి కుక్కను తట్టుకుని పడి మోచెయ్యి చీరుకుపోయిన రోజున నేను ఆగలేకపోయాను.

"బావా, నువ్వు బండి వెతుకుతున్నావా, బండి నుంచి పారిపోతున్నావా? ఆ ట్రైలర్ నీ బొందమీద పెట్టుకోవడానికి కొన్నావా?"

నిమ్మకు నీరెత్తినట్టు కూర్చునే మనిషి చేతిలో పెన్సిలు విసిరేశాడు.

"కొంటే ఏంటే? కొన్న రోజున ఆ డాక్టరు మాట నిజమైనట్టేగా!"

అప్పుడు తెలిసింది. బండి కొనకపోతే చూపు పోకుండా నిలుస్తుందని నమ్ముతున్నాడు పిచ్చివాడు. జాలేసింది, ఒళ్ళు మండింది, రెండూ ఒక్కసారే.

శనివారం ఉదయం ముగ్గురం సన్నీబ్యాంక్ పేట అవతల పాత బండ్లు అమ్మే యార్డుకి వెళ్ళాం. బావ తిన్నగా ఒక ఎత్తైన ఫోర్ వీల్ డ్రైవ్ దగ్గరికి నడిచాడు. అలాంటి ట్రైలర్లు రెండైనా లాగుతుందట. పిల్ల వెనక ఎక్కి కూర్చుంది.

"ఏం కనిపిస్తోందమ్మా?" అన్నాను.

"హెడ్‌రెస్ట్," అంది.

తల తిప్పి కిటికీలోంచి చూడవచ్చు కదా అనుకుంటారు. అది తిప్పేసరికి చూడవలసింది వెనక్కి పోతుంది, ఆ సంగతి నేను ఎన్నోసార్లు గమనించాను. యార్డు చివర ఒక పొడవాటి వ్యాగన్ ఉంది. రంగు వెలిసింది. మన అంబాసిడర్‌లోలాగా ముందు ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా ఒకటే సీటు, గేరు స్టీరింగ్ పక్కన. పిల్ల దానంతటదే ఎక్కి మధ్యలో కూర్చుంది. బెల్టు పెట్టుకుంది. ఎదురుగా పెద్ద అద్దం, అందులోంచి రోడ్డు మొత్తం.

"దిస్ వన్, అమ్మా."

అమ్మేవాడు నవ్వాడు. ఈ సీటు ఈ రోజుల్లో టాక్సీవాళ్ళు తప్ప ఎవరూ అడగరు మేట్, ఫ్యామిలీకి విడి సీట్లే బాగుంటాయి అన్నాడు. బావకు కావలసిందీ అదే, వాయిదా వేయడానికి ఒక సాకు. వంగి కొక్కెం చూశాడు, టైర్లు చూశాడు, గడ్డం గోక్కున్నాడు.

"లాగుతుందనుకో. కానీ రీసేల్ ఉండదు. నెక్స్ట్ వీక్ ఇంకో యార్డు చూసి..."

"నో, డాడ్. నాట్ నెక్స్ట్ వీక్." పిల్ల సీటులోంచి కదలలేదు. అమ్మేవాడి వైపు తల పూర్తిగా తిప్పి, లెక్క అప్పజెప్పినట్టు చెప్పింది. "ఐ కాంట్ సీ ద సైడ్స్. ఇట్స్ క్లోజింగ్. స్లోలీ, ఇట్ ఆల్ గోస్. సో, ఐ నీడ్ ద మిడిల్."

అమ్మేవాడు మరో కస్టమర్ పిలిచినట్టు అటు వెళ్ళిపోయాడు. బావ బండి తలుపు దగ్గరికి వచ్చాడు.

"ఎవరు చెప్పారే నీకు?"

"మీరే. ఎవ్రీ డే చెప్తారుగా. ఐ నో తెలుగు, డాడ్."

రెండేళ్ళు! దాని వీపు వెనక కాదు, దాని ముఖం ముందే రెండేళ్ళు మాట్లాడాం. ఎన్ని మాటలు అని ఉంటామో! బావ ఇంకో లెక్క వేయలేదు, బేరమూ ఆడలేదు. పాత కారు అక్కడే ఇచ్చేసి ఆ వ్యాగన్‌లోనే ఇంటికొచ్చాం.

ఆ తర్వాత ఇంట్లో ఎవరం ఆ సంగతి ఎత్తలేదు. తెలుగు మాట్లాడాలంటేనే భయం వేసింది. సెలవులు రాగానే ట్రైలర్ తగిలించుకుని పడమటికి బయలుదేరాం. ఘాట్ ఎక్కేటప్పుడు వెనక బరువుకి బండి మూలిగింది కానీ ఆగలేదు. పైకి చేరాక నల్లరేగడి చేలు, వాటి మధ్య తిన్నటి రోడ్డు. పిల్ల మా ఇద్దరి మధ్య నిటారుగా కూర్చుని రెప్ప వేయకుండా చూస్తోంది. నేను దాన్నే చూస్తున్నాను. బాగుంది అనుకున్నాను. అప్పుడు అది అడిగింది, ఒక్క ఇంగ్లీషు ముక్క లేకుండా.

"నాన్నా, మీరిద్దరూ పెళ్ళి చేసుకోకుండా ఉండాల్సింది అన్నావుగా అమ్మతో. చేసుకోకపోతే నేను ఉండను కదా. నీకు అదే బాగుండేదా?"

ఎప్పుడన్నాడో నాకు గుర్తుంది. పెరట్లో, ట్రైలర్ పక్కన, ఒకరినొకరు తిట్టుకున్న సాయంత్రం. అది మెట్ల మీద కూర్చుని బూట్లు విప్పుకుంటోంది ఆ రోజు.

బావ బండిని రోడ్డు పక్కకు తీశాడు. ట్రైలర్ వెనక కంకర మీద కాసేపు ఊగి ఆగింది. రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉంచి, ముందున్న రోడ్డుకేసి చూస్తూ, "లేదమ్మా, కోపంలో ఏదో... నువ్వంటే నాకు..." అన్నాడు. నేను దాన్ని దగ్గరికి లాక్కోబోతే నా చెయ్యి నెమ్మదిగా పక్కకు పెట్టింది.

"ఇటు తిరిగి చెప్పు నాన్నా," అంది. "పక్కన ఉంటే నువ్వు కనపడవు. నిజం చెప్తున్నావో లేదో నేను చూడాలి."