బాపు వంతు పల్లికాయలు

వీధిలో ఎవరో పల్లికాయలు కాలుస్తున్నట్టున్నారు. ఆ వాసనకు చదువుతున్న బైబిలు మూసి కూర్చున్నాను.

నిజాం రోజుల్లో, వానలు వెనుకబట్టి చలి మొదలయ్యే కాలంలో, కల్వకుర్తి దగ్గరి మా ఊళ్లో అవ్వా నేనూ పొద్దుగూకగానే మంట ముందు ఒకే గొంగడి కప్పుకొని కూర్చునేవాళ్లం. అమ్మ లేదు. బాపు వాక్యం చెప్తూ ఊరూరా తిరిగేవాడు. అవ్వ కీర్తన పాడుతూ, నిప్పుల్లో కాలిన పల్లికాయలు ఒలిచి నా చేతిలో పెట్టేది. దినమంతా కూలి చేసిన ఆమె ఒళ్లు అప్పుడే కాస్త సడలేది.

జొన్న గటక వండేముందు అవ్వ రోజూ పిడికెడు జొన్నలు ఒక కుండలో వేసేది. అది బాపు వంతని, కుండ నిండితే ఆయన వస్తాడని నేననుకున్నాను. త్వరగా నిండాలని నా వంతు పల్లికాయలు కొన్ని ఒలవకుండానే అందులో వేశాను.

ఆదివారం సంఘంలో అవ్వ ఆ కుండను కానుకల చాటలో కుమ్మరించింది. జొన్నలతో పాటు నల్లబడ్డ పల్లికాయలు జలజలా రాలాయి.

"దేవునికి పల్లికాయలు గూడ కాల్చి తెచ్చినవా, పెద్దమ్మా?" అని ఒకామె నవ్వింది.

"అవి మా బాపుయి! కుండ ఖాళీ అయితే ఆయన ఎట్ల వస్తడు?" అని ఏడ్చాను.

అవ్వ నన్ను దగ్గరికి తీసుకుంది. "మీ బాపు పోయిన ఊర్ల గూడ ఎవరో గిట్లనే పిడికెడు తీసిపెడ్తరు బిడ్డా. గదే ఆయన తింటడు. ఫికర్ చేయకు."

ఆమె చెప్పింది నిజం. ప్రభువు మా బాపును ఏ ఊళ్లోనూ పస్తుంచలేదు. అందుకు ఈనాటికీ స్తోత్రం చెప్పుకుంటాను. ఆ సాయంత్రం మాత్రం, గొంగడి కొస ఒకటి ఆయన కోసం వదిలిపెట్టి, మేమిద్దరమే కూర్చున్నాం.